సగం గ్లాసు మందు

బడిలో పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు స్కేలు టీచరు. లెక్కల పాఠం చెప్పాలన్నా, కిటికీకి కర్టెన్ గుడ్డ కొనాలన్నా, చేతిసంచిలోంచి స్కేలు బయటికి రావలసిందే. కంటి అంచనాతో పనులు చేసే మనుషులంటే ఆవిడకి ఒళ్ళు మంట. అలాంటి మనిషి ఇంట్లో అత్తగారికి మూర్ఛ తిరగబెట్టింది.

మందు మానిందేమీ లేదు. పెద్దావిడ ఎన్నో ఏళ్ళుగా పూటపూటకీ ఆ చేదు సిరప్ తాగుతూనే ఉంది. కొలత గ్లాసు మామగారిది. ఆయన బతికున్నన్నాళ్ళూ కాంపౌండరు. అడుగున కొనదేలి, పొట్టి కాడ మీద నిలబడే గాజు గ్లాసు అది. దాని మీది గీతలు ఏనాడో చెరిగిపోయాయి. నిండా పోస్తే ఒక మోతాదు. ఈమధ్య మరీ మగతగా ఉంటోందని చెబితే, డాక్టరు ఆ గ్లాసు తెప్పించుకుని చూసి, ఇకనుంచి ఇందులో సగం చాలన్నాడు. కోడలు ఇంటికి రాగానే స్కేలు తీసి, గ్లాసు లోతు కొలిచి, సరిగ్గా మధ్యలో నెయిల్ పాలిష్‌తో ఎర్రటి గీత గీసింది. చుక్క ఎక్కువా తక్కువా కాకుండా ఆ గీత దాకా పోసి ఇస్తూ వచ్చింది.

వారం తిరక్కుండా పెద్దావిడ స్నానాలగదిలో పడిపోయింది. ఆ తర్వాత వంటింట్లో, పొయ్యికి జానెడు దూరంలో. మందు సరిగా పడుతోందా అని డాక్టరు అడిగాడు. పడుతూ కూడా ఇలా అవుతుంటే సోమవారం సాయంత్రం పెద్దాసుపత్రిలో చేర్చండి, ఇంకా గట్టి మందు మొదలుపెడతారు, దాంతో మనిషి సగం ఈ లోకంలో ఉండదు, అన్నాడు.

ఆ రోజునుంచి కోడలికి కాలు ఒకచోట నిలవలేదు. పాఠం చెబుతున్నా ధ్యాస ఫోను మీదే. ఎక్కడ గిన్నె జారిపడినా అటు పరిగెత్తేది. కంగారు ముదిరితే ఎవరో ఒకరి మీద విరుచుకుపడాలి గదా. ఈ మందు పోస్తే పూలకుండీ కూడా మొహం చిట్లిస్తుందని పెద్దావిడ ఒకప్పుడు నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. మందు అందులో పారబోస్తోందేమోనని, వెళ్ళి కుండీలో మట్టి వాసన చూసింది కూడా. మా అమ్మ అలాంటి పని చెయ్యదని భర్త అంటే వినిపించుకోలేదు. ఆ పూట మందు తాగించి ఎదురుగా నిలబడింది.

"నోరు తెరవండి అత్తయ్యా. నాలుక పైకెత్తండి."

పెద్దావిడ కోడలి మొహంలోకి చూసింది. "తాగానమ్మా. రోజూ తాగుతూనే ఉన్నాను," అని, నోరు తెరిచింది.

ఇక పూటపూటకీ అదే తంతు. బయటికెళ్ళి కక్కేస్తోందేమోనని కోడలు స్నానాలగది తలుపు దగ్గర కాపలా కూడా కాసింది. ఆదివారం పెద్దావిడ మళ్ళీ పడింది.

సోమవారం పొద్దున పదో తరగతికి ఘనపరిమాణాల పాఠం. భర్త సెలవు పెట్టి తల్లి దగ్గర కూర్చుంటే, ఈవిడ బడికి వెళ్ళింది. ఏటా గీసినట్టే బోర్డు మీద శంకువుని తలకిందులుగా గీసి, ఇది గ్లాసనుకోండి, సగం ఎత్తుకి నీళ్ళు పోస్తే గ్లాసులో ఎంత నిండినట్టు, అని అడిగింది. ఏటా అన్నట్టే తరగతంతా సగం అంది. ఇక్కడ ఆవిడ నవ్వడం ఆనవాయితీ. ఆ ఎత్తులో గ్లాసు వెడల్పు కూడా సగమే, అటూ సగం, ఇటూ సగం, ఎత్తూ సగం, మూడు సగాలూ గుణిస్తే ఎనిమిదో వంతు అని చెబుతూ, మధ్యలో ఎర్ర చాక్‌పీసుతో గీత గీసింది.

చెయ్యి ఆ గీత మీదే ఆగిపోయింది. బోర్డు మీద ఉన్నది తన వంటింటి అలమరలోని గ్లాసు. ఇన్నేళ్ళూ పిల్లల్ని చూసి నవ్విన తప్పుని తానే, స్కేలు పెట్టి మరీ చేసింది. అరగ్లాసు పడాల్సిన మనిషికి అందులో నాలుగో వంతే పడుతోంది. ఆవిడకి సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పక్క తరగతి టీచరుకి ఒక మాట చెప్పి, స్కేలు బల్ల మీదే వదిలేసి, దొరికిన బండి ఎక్కింది. దారిలోనే డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. పోయిన మోతాదులు కలిపి పొయ్యొద్దు, ఇప్పటినుంచి సరైన సగం ఇవ్వండి, ఆసుపత్రి సంగతి ఆగి చూద్దాం, అన్నాడు.

మధ్యాహ్నం మందు వేళకి ఇల్లు చేరేసరికి, పెద్దావిడ ఆసుపత్రికి బట్టలు సర్దిన సంచీ ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. కోడలు గ్లాసు తెచ్చి ఎదురుగా కూర్చుంది. పాత గీత దాకా నీళ్ళు పోసి కప్పులోకి ఒంపింది. అలా నాలుగుసార్లు ఒంపి, ఆ నీళ్ళన్నీ గ్లాసులో పోసి, అవి వచ్చిన చోట కొత్త గీత గీసింది. అది అంచుకి బాగా దగ్గరగా ఉంది. స్కేలు లేకుండా గీసిన గీత వంకరపోయింది. నీళ్ళు పారబోసి, ఆ గీత దాకా మందు పోసింది.

"మీరు రోజూ తాగారు అత్తయ్యా. నేనే సరిగా పొయ్యలేదు. తప్పు నాది."

పెద్దావిడ గ్లాసు అందుకుని, కొత్త గీత దాకా ఉన్న మందంతా తాగి, చేదుకి కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, నోరు తెరిచి నాలుక పైకెత్తి చూపించింది.