చుక్క కారని జీపు

మొన్న రాప్తాడు దగ్గర హైవే పక్కన పాత బండ్లు అమ్మే షెడ్డులో ఒక ఎస్‌యూవీ బానెట్ ఎత్తగానే పాత ఆయిలు, దుమ్ము, ఎండకు మగ్గిన రబ్బరు కలిసిన వాసన ముఖాన కొట్టి, నన్ను గుమ్మఘట్ట పక్కన మా ఊరి మట్టి వాకిట్లోకి తీసుకుపోయింది. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి అది. ధర్మవరం చీరలు బెంగళూరు అంగళ్లకు వేసే నాకు లాభంలో సగం బండి బాడుగలకే పోతోంది. ఉన్నదంతా ఊడ్చి ఈ బండి మీద పెడుతున్నాను కాబట్టి మా నాయనను వెంట తీసుకొచ్చాను. పాత బండి కొని ఆయన తిన్నంత దెబ్బ మా ఇంట్లో మరెవరూ తినలేదు.

నా చిన్నప్పుడు ఏరువాక పున్నమి వస్తే ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, మెడల్లో మువ్వలపట్టీలు కట్టేవాళ్లం. పూర్ణం ఉడికే వాసన వీధి చివరిదాకా పోయేది. మా అవ్వ, నాయనను కన్నతల్లి, పెనం మీది మొదటి ఓళిగ మాకు కాక ఎద్దులకు పెట్టేది. నేనూ తమ్ముడూ వాటి మూతుల కింద చేతులు పట్టి, రాలిన ముక్కలు ఏరుకుని తినేసేవాళ్లం. తర్వాత వాన మొహం చాటేసిన ఏడు వచ్చింది. శనక్కాయ చెట్లు జానెడు లేచి మాడిపోయాయి, గాలికి లేచిన ఎర్రదుమ్ము సంగటి ముద్ద మీద కూడా పడేది, గడ్డి దొరక్క ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. నాయన వాటిని అమ్మేసి, ఆ డబ్బుతో పాత జీపు కొని రాయదుర్గానికి జనాన్ని తోలుదామనుకున్నాడు. ఇక మా ఇంటి కూడంతా ఆ జీపు మీదే.

"ఎద్దునైతే ఒక రాత్రి మన గాట్లో కట్టేసి, మేత తింటాందో లేదో చూసి కొంటాం గదప్పా. దీన్నీ ఈ రాత్రికి ఈడనే పెట్టమను" అంది అవ్వ. జీపును మా ఇంటికే తెచ్చి చూపించిన అమ్మేవాడు నవ్వుతూ ఒప్పుకున్నాడు. అవ్వ వాకిలి పేడతో అలికి, ఆరాక ముగ్గుపిండి పలుచగా పరిచి, దానిమీద జీపు నిలబెట్టించింది. మా ఊళ్లో కారే కుండను ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. ట్యాంకరు వచ్చినప్పుడే బిందె నిండే చోట కారడాన్ని మించిన లోపం లేదు. జీపునూ అలాగే చూశారు.

తెల్లారి గోలీలాట వదిలేసి పిల్లలమంతా బోర్లా పడుకుని బండి కిందకు తొంగిచూశాం. పిండి తెల్లగా, పోసింది పోసినట్టే ఉంది.

"ఒక్క చుక్కన్నా లేదు సూడు. గట్టి బండి. దుడ్లు ఇచ్చెయ్" అంది అవ్వ. ఎద్దుల మువ్వలపట్టీ తెచ్చి తనే జీపు ముందు కట్టింది.

వారం తిరగలేదు. నిండా జనంతో మిట్ట ఎక్కుతుంటే, నాయన పక్కనే కూర్చున్న నా ముక్కుకు మాడువాసన తగిలింది. లోపల ఇనుము గీరుకున్న చప్పుడైంది, బండి ఆగింది, మువ్వలూ ఆగాయి. జనం దిగి మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. రాయదుర్గం నుంచి వచ్చిన మెకానిక్కు ఆయిలు చూసే కడ్డీ లాగాడు. పొడిగా వచ్చింది.

"ఏమన్నా, లోపల ఉంటే గదా కారేది. కారతాదని అమ్మినోడు ముందే అడుగున రవ్వంత మిగిల్చి ఆయిలంతా దింపేసినాడు. ఇంజను పట్టేసింది" అన్నాడు.

నాయన ఎవర్నీ తిట్టలేదు. "ఎద్దులూ పాయ, బండీ పాయ" అని టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం చూసి నాకు గట్టిగా ఏడుపొచ్చింది. ఆ తర్వాత సొంత బండి మాట ఎత్తకుండా, ఊళ్లో వాళ్ల ట్రాక్టర్లు తోలి మమ్మల్ని పెంచాడు.

అందుకే షెడ్డులో నాయన తొందరపడలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజను చల్లగా ఉందని చూసుకున్నాకే స్టార్టు చేయించాడు, పొగ రంగు చూశాడు, ఆపించి కడ్డీ లాగి తువ్వాలుతో తుడిచి మళ్లీ ముంచి చూశాడు. ఆయిలు గీత దాకా ఉంది. బండి కింద నేల మీద రూపాయి బిళ్లంత నల్లమరక కనబడితే షెడ్డతను చెప్పు కాలితో కప్పేశాడు. నాయన ఆ కాలిని పక్కకు జరపమన్నాడు. మెకానిక్కును పిలిపించి కిందనుంచి చూపించాక, ఆయిలు సీలు ఒకటి మార్పిస్తే చాలని తేలింది. అది తర్వాత మార్పించుకుందామని కొన్నాం.

ఇప్పుడు ధర్మవరంలో మా ఇంటి ముందు అంతా బండలే. పేడ కావాలంటే వెతకాలి, ముగ్గుకు బదులు స్టిక్కరు అంటించాం, మొదటి ఓళిగ పెట్టడానికి గాట్లో ఎవరూ లేరు, అవ్వా లేదు. బండి తెచ్చిన సాయంత్రం నాయన అంగడికి పోయి ముగ్గుపిండి పొట్లం తెచ్చాడు. బండల మీద పలుచగా పరిచి, దానిమీద బండి ఆపమన్నాడు.

పొద్దున్నే మోకాళ్లు పట్టుకుని వంగి చూశాడు. పిండి మధ్యన ఒక్క నల్లచుక్క.

"కారతాండాదంటే లోపల ఉండాదనే కద పాపా" అన్నాడు. బండి కిందకు చూసి మా నాయన నవ్వడం అదే మొదటిసారి.