తోక కనబడితే చాలునా

ఏ పని చేసినా దానికొక పుస్తకం పెట్టడం నా అలవాటు. అడవి జంతువులను చూడటానికి టాంజానియా వెళ్ళినప్పుడు కూడా ఏలూరులో కొన్న రూళ్ళ పుస్తకం వెంట తీసుకెళ్ళాను. మొదటి రోజే మొదటి పేజీలో ఒక నిబంధన రాశాను: జంతువు తల కనబడితేనే చూసినట్టు. వెనుక భాగాలు చెల్లవు.

ఈ నిబంధన మా బావమరిది వల్ల అవసరమైంది. చింతలపూడిలో పామాయిల్ తోట ఉన్న ఆ పెద్దమనిషి జీపెక్కిన పావుగంటకే ఒక పొదను చూపించి, "అదిగోనండీ బావగారూ, సింహం! తోక ఊపింది!" అని కేక వేశాడు. నేను రాయలేదు. పైగా ఆనాటి నుంచి అతను చేసిన చప్పుళ్ళన్నింటినీ పుస్తకం చివరి పేజీలో నమోదు చేస్తూ వచ్చాను. జీపులో జంతికలు నమలడం, ఫోను మోగించడం, టెంటులో గురకపెట్టి జింకలను తరిమివేయడం కలిపి నాలుగు రోజుల్లో పదిహేడు తేలాయి.

జంతువులకు మాత్రం మర్యాద తెలుసా అంటే అదీ లేదు. అంత దూరం వెళ్ళిన మమ్మల్ని చూసి ఏనుగులు వెనుదిరిగి లద్దె వేశాయి. తలలు ముందుగానే చూపించాయి గనుక రాసుకున్నాను.

అసలు ఈ ప్రయాణం నా భార్య కోరిక. ఆమె చిన్నతనంలో చింతలపూడి పొలాల్లోకి చిరుత వస్తే, ఆడపిల్లవంటూ గదిలో పెట్టి గొళ్ళెం వేశారట. ఆమె కంటే చిన్నవాడైన తమ్ముణ్ణి మాత్రం డాబా మీద భుజాలకెత్తుకుని చూపించారు. ఆ చిరుత గురించి అతను ఈనాటికీ ప్రతి భోజనంలోనూ చెబుతాడు. బతికుండగా ఒక్క చిరుతనైనా చూడాలన్నది ఆమె పట్టుదల. నాలుగు రోజులు గడిచినా చిరుత కనబడలేదు.

చివరి రోజు ఉదయం డ్రైవరు ఒక సరస్సు పక్కన జీపు ఆపి, గట్టు మీది గడ్డిలోకి వేలు చూపించాడు. బైనాక్యులర్స్‌లో చూశాను. చెవులు, కళ్ళు, మచ్చలు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. రాసుకుని, బైనాక్యులర్స్ ఆమెకిచ్చాను.

"ఏదండీ? గడ్డే కనబడుతోంది."

"ఎడమకు. ఇంకా ఎడమకు."

సరిగ్గా అప్పుడే గూడబాతులు గుంపుగా సరస్సులో వాలి, వరుసకట్టి ముక్కులు ముంచసాగాయి. కొల్లేరు అంచున చేపల చెరువులు చేసి వయసంతా గడిపినవాణ్ణి. నీటి మీద ఆ రెక్కల నీడ పడితే నా చేతులు నన్ను అడగవు. లేచి నిలబడి, ఫలహారం క్యారేజీ మూతను గరిటెతో వాయిస్తూ "హోయ్! హోయ్!" అని అరిచాను.

గూడబాతులు లేచాయి. చిరుత కూడా లేచింది. ఒక్క దూకుతో పొదల్లోకి పోయింది. డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చాడు.

"పద్దెనిమిదండీ," అన్నాడు బావమరిది. "ఇది ఎవరి పేరున రాస్తారు బావగారూ?"

నా భార్య బైనాక్యులర్స్ దించింది. "ఇది మన చెరువు కాదు కదండీ! వాటి చేపలు అవి తింటే మీకేం నొప్పి?"

"నీకు కనబడిందా?" అని అడిగాను.

"తోక కనబడింది. కొస తెల్లగా, పైకి మెలితిరిగి ఉంది."

నేను చేతిలోని పుస్తకం కేసి చూశాను. ఆమే అంది: "మీ రూలు నాకు తెలుసులెండి. అప్పుడు గొళ్ళెం మా నాన్న వేశారు. ఇప్పుడు మీరు వేయండి."

మొదటి పేజీ తీసి నిబంధన కొట్టివేశాను. కింద, "తోక కనబడినా చాలు" అని రాసి, ఆమె పేరున చిరుతను నమోదు చేశాను. ఆమె నా భుజం మీదుగా చదివి, "మరి మా తమ్ముడి సింహమో?" అంది.

అది పొద. నాడూ పొదే, నేడూ పొదే. పుస్తకంలో మాత్రం సింహమనే ఉంది, నా దస్తూరీతో.