మామయ్య పక్కన జాగా

పోయిన ఆదివారం జల్‌పల్లిలో మా కాలనీ చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు పాపుల మీద దేవునికున్న కనికరం గురించి ప్రసంగించారు. ఎంతటి పాపినైనా ప్రభువు చేర్చుకుంటాడని ఆయన మైకులో అన్నప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు. ఆ మాట మీద నమ్మకం లేక కాదు. ఆ మాట కోసం ఒక మనిషి పడ్డ యాతన దగ్గరుండి చూసినదాన్ని.

దవాఖానలో నర్సుగా చేరిన కొత్తలో నేను పాతబస్తీలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మామయ్య బేగంబజార్‌లో హమాలీ. పొద్దంతా బస్తాలు మోసి, ఒళ్లు నొప్పులకని కాస్త గుడుంబా తాగి వచ్చి, పిల్లలు లేని ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చర్చి పాటలు పాడేవాడు. మన కాలంవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో నాటుసారా దొరకని గల్లీ లేదు. మా గల్లీలో దాన్ని కాచి అమ్మేవాడు కూడా మా చర్చివాడే, మామయ్యను నోరారా అన్నా అని పిలిచేవాడు. ఒకసారి సరుకు చాలక, రంగుల దుకాణంలో దొరికే స్పిరిట్ ఏదో కలిపాడు. మర్నాడు నిద్రలేచిన మామయ్య, గడపలోకి ఎండ వచ్చాక కూడా, ఇంకా తెల్లారలేదేమని అడిగాడు. చూపు పోయిందని మాకు అప్పుడర్థమైంది. నేను పనిచేసే దవాఖానకే తీసుకుపోయినా సాయంత్రానికి ప్రాణం పోయింది. ఆ వారం మా గల్లీలో ఇంకొన్ని ఇళ్లలోనూ శవాలు లేచాయి.

ఆ సారా కాచినవాడు జైలుకు పోయి కొన్నేళ్లకు తిరిగివచ్చేసరికి భార్యాపిల్లలు ఎటో వెళ్లిపోయారు. ఉబ్బిన కడుపు, పచ్చబడిన కళ్లు చూడగానే ఎక్కువకాలం బతకడని నాకు తెలిసిపోయింది. చర్చి గేటు దగ్గర నిలబడితే పెద్దలు లోపలికి రానివ్వలేదు; సగం చర్చి అతని మూలంగా ఏడ్చినవాళ్లే, వాళ్లకు అడ్డు చెప్పే ధైర్యం అప్పటి పాస్టరుగారికీ లేకపోయింది. అతడు మంచం పట్టాక, ఎవరూ తొంగిచూడని ఆ గదికి గంజి పట్టుకుని వెళ్లింది అత్తమ్మ. ఆడవాళ్లు ఆమెతో మాటలు మానేశారు. ఎందుకు పోతున్నావని నేను అడిగితే, గంజి గిన్నె మీద మూత పెట్టుకుని బయల్దేరింది.

ఒకరోజు ఆమె వెంట నేనూ వెళ్లాను. అతడు గోడవైపు తిరిగి పడుకుని, "వదినా, దేవుడు నన్ను మాఫ్ చేస్తడా?" అని అడిగాడు.

అత్తమ్మ గిన్నెలో గంజిని చెంచాతో తిప్పింది.

"చేస్తడు. నీలాంటోని కోసమే గదా ఆయన సిలువెక్కింది," అంది. "నేనైతే ఇంకా చెయ్యలే. నీ మొకం చూస్తే కడుపు మండుతది. అయినా రేపొస్త. గంజి తాగు."

ఆ వారం దాటకుండానే అతడు పోయాడు. చివరి గడియల్లో అత్తమ్మ అతని చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది.

సమాధుల తోటలో జాగా లేదన్నారు పెద్దలు. నిజంగానే లేదు, మామయ్య పక్కన అత్తమ్మ కోసం ఉంచుకున్నది తప్ప. "నా జాగా ఉంది గదా, అండ్ల పెట్టుండ్రి," అందామె. పెద్దలు అక్కడే గుంత తవ్వించారు.

ఇంటికి వచ్చాక నేను ఉండబట్టలేక, చంపినవాణ్ని మామయ్య పక్కన పెట్టించావా అని ఏడ్చాను.

"రేపు సమాధులు తెరుచుకున్ననాడు మీ మామకు వాడు మొకం చూపిచ్చుకోవాలె గద, బిడ్డా," అంది. "మాఫ్ చేస్తడో, కొడ్తడో, ప్రభువు ముంగట ఇద్దరు తేల్చుకుంటరు. నాతోనైతే కాలే."

తర్వాత చాలా ఏళ్లు బతికింది. చివరికైనా క్షమించగలిగిందో లేదో ఎన్నడూ చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. ఆమె పోయాక ఊరి చివర సమాధులకని కొత్తగా ఇచ్చిన స్థలంలో పెట్టాం. మా గల్లీలో ఇప్పుడు గుడుంబా లేదు, అది మంచిదే. ఆ ఇళ్లూ లేవు, గోడౌన్లు లేచాయి. కనికరమనే మాట మాత్రం ఆటోల వెనకా, పొద్దున్నే ఫోన్లో వచ్చే వాక్యాల్లోనూ, ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అత్తమ్మ దగ్గరకు వెళ్లినప్పుడల్లా చుట్టూ ఉన్న రాళ్ల మీద పేర్లు చదువుతాను. వాళ్లలో ఒక్కరు కూడా ఆమె ఎరిగినవాళ్లు కారు.