ముప్ఫై ఏడో నెంబరు అవ్వ

పోయిన వారం హిందూపురంలో నేను పరీక్షకిచ్చిన ల్యాబునుంచి ఫోనుకు ఒక రిపోర్టు వచ్చింది. మూత్రంలో మంటగా ఉందంటే డాక్టరు రాసిన పరీక్ష అది. నా ఒంట్లోని క్రిములు ఏ మందుకు లొంగుతాయో, ఏ మందుకు లొంగవో వరుసగా రాసి ఉంది. ఒంటరిగా బతికే నా ఈడు ఆడమనిషి అలాంటి రిపోర్టును డాక్టరుకు చూపించి మరిచిపోతుంది. నేను మాత్రం కళ్ళజోడు సవరించుకుని ఆ పట్టిక చదువుతూ చదువుతూ, ముప్ఫై ఏళ్ళ వయసులో పెనుకొండలో గడిపిన రోజుల్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడు నేను ఒక పరిశోధనలో పనిచేసేదాన్ని. పొలం మట్టిలో ఉండే సూక్ష్మజీవులకూ, ఆ పొలంలో పనిచేసి అక్కడి పంటే తినే మనుషుల కడుపులో ఉండే సూక్ష్మజీవులకూ చుట్టరికం ఎంతుందో చూడడం మా పని. వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, చెయ్యవలసింది మాత్రం గోరంట్ల దారిలోని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, చేలో జానెడు లోతు తవ్వి మట్టి తీసుకుని, ఆ ఇంటివాళ్ళ చేతికి మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చి, మర్నాడు పొద్దున మలం పట్టి ఇమ్మని అడగడం. నా ఐసుపెట్టెలో ఏముంటుందో తెలిసిన రోజునుంచి పెనుకొండలో నేను అద్దెకున్న ఇంటామె మెట్లమీద ఎదురైతే గోడకేసి తిరిగేది. హిందూపురం ల్యాబుకు పోయే బస్సులో కండక్టరు అడిగితే, పెట్టెలో మట్టి ఉందనేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం చెప్పుకోలేని మనిషికి స్నేహాలెక్కడ దొరుకుతాయి?

దొరికింది ఒక్క అవ్వ. కొడుకూ కోడలూ కోళ్ళ ఫారాల ఎరువు తోలించి టమాటా, వంకాయ పండించే తోటలో ఆమె కలుపు తీసేది. డబ్బా చేతికిస్తే అందరూ ముక్కు మూసుకునేవాళ్ళు, ఆమె మాత్రం పగలబడి నవ్వింది.

"ఇంత సదువు సదివి ఈ పనికొచ్చినావామ్మా! కూసో, సంగటి తిని పో."

ఆ తర్వాత నెలనెలా ఆమె ఇంటి అరుగుమీద సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి తినడానికే ఆ దారి పట్టేదాన్నేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. నెలంతటిలో నా పక్కన కూర్చుని ఎవరైనా తిన్నారంటే అది ఆ ఒక్క పూటే.

మేము తెచ్చిన డబ్బాలకు పరిశోధన నడిపే మా పెద్దసారు కొత్త నెంబర్లు వేసేవాడు. ఏ నెంబరు ఎవరిదో రాసిన పుస్తకం ఆయన బీరువాలో ఉండేది, దాన్ని ఎవరూ తెరవకూడదు. ముప్ఫై ఏడో నెంబరు డబ్బాలోని క్రిములు మామూలు మందుల్లో దేనికీ చావలేదు. అలాంటివే కోళ్ళ ఎరువు వేసిన ఒక తోట మట్టిలోనూ కనిపించాయి. పని పూర్తయ్యేదాకా ఎవరితోనూ అనకూడదన్నాడు సారు.

ఆ నెల నేను పల్లెకు పోతే అరుగుమీద అవ్వ లేదు. మూత్రంలో చీము, విడవని జ్వరం, హిందూపురం ఆసుపత్రిలో చేర్చారు, సూదులు వేస్తున్నా తగ్గడం లేదని పక్కింటివాళ్ళు చెప్పారు. కడుపులోని క్రిములే మూత్రంలోకీ చేరతాయని నాకు తెలుసు, ఆ ముప్ఫై ఏడో డబ్బా అవ్వదేనేమోనని అనుమానం వచ్చింది. బీరువా తాళంతో సహా ల్యాబు తాళాల గుత్తి నా దగ్గరే ఉండేది. బీరువా ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు, తెరిచాను. ముప్ఫై ఏడు అవ్వే, ఆ మట్టి ఆమె కొడుకు తోటదే.

పరుగున పోయి ఆసుపత్రి డాక్టరుకు చెప్పాను, ఏ మందులు పనిచేయవో, ఏది పనిచేయవచ్చో. ఆయన నా మాట కొట్టిపారేయకుండా పరీక్షకు పంపి, మందు మార్చాడు. నాలుగో రోజుకు అవ్వ లేచి కూర్చుని సంగటి అడిగింది.

అయితే ఇదంతా నీకెలా తెలుసని డాక్టరు అడిగినప్పుడు పక్కన కొడుకూ కోడలూ ఉన్నారు. నేను తోట మట్టి సంగతి కూడా చెప్పేశాను. ఆ మాట ఊళ్ళోకి పోయి, సంతలోకి పోయింది. తర్వాతి నెల కోడలు గడపలోనే అడ్డం నిలబడింది.

"నువ్వు ఇంక రావద్దక్కా. మా తోట కూరగాయలంటే ముట్టేవాళ్ళు ల్యారు."

మా సారు కోప్పడలేదు. అవ్వ బతికినందుకు సంతోషమేనన్నాడు, కాని మనల్ని నమ్మినవాళ్ళ పుస్తకం తెరిచినదానివి ఇక్కడ ఉండకూడదన్నాడు. ఆయన మాట తప్పని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పరిశోధన అచ్చయినప్పుడు అందులో నా పేరు లేదు. హిందూపురం వచ్చి ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతికాను.

కొన్నేళ్ళకు మా చెల్లెలి కూతురి పెళ్ళికి పట్టుచీర కోసం ధర్మవరంలో ఒక మగ్గాలాయన ఇంటికి పోతే, లోపల గోడకానుకుని కండెలకు పట్టుదారం చుడుతూ అవ్వ కనిపించింది. అది ఆమె కూతురి ఇల్లట. చూపు తగ్గినా నా గొంతు పట్టేసింది.

"నువ్వేనామ్మా! యాడుండావు ఇన్నాళ్ళూ?" అని నా చెయ్యి వదలకుండా మెల్లగా అంది: "నీవల్ల బతికినా. నీవల్లనే తోట పాయె అంటాడు మావాడు. రెండూ నిజమే కదమ్మా, వానికేం జెప్పాల నేను?"

నేను చీర తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు అదే పని చేస్తోంది. డబ్బాలు కొరియరులో వస్తాయట, పల్లెకు పోనవసరం లేదట, నెంబరు వెనకాల ఎవరున్నారో ఎంత వెతికినా దొరకదట. అది న్యాయమే, నేను చేసిన తప్పు ఇంకెవరూ చెయ్యలేరు. కాని ఎక్కడో ఆసుపత్రి మంచం మీద మందు పనిచేయక ఒకావిడ మూలుగుతూ ఉంటుంది. ఆమెకు పనికొచ్చే మాట తెలిసినవాళ్ళు అదే ఊళ్ళో ఉంటారు. ఆమె ఎవరో తెలియదు గనక, అన్నం తిని పడుకుంటారు.