మొటిమల మందు, నేను దాటేసిన మాటలు

నా చిన్నప్పుడు వర్తూరులో మా ఇంట్లో ఇంగ్లీషు బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆ గొప్ప నా నెత్తికెక్కి కూర్చుంది.

మా పిన్నికి ఐదో నెలలో చెంపల నిండా మొటిమలు లేచాయి. ఇంటికొచ్చిన ప్రతి ఆవిడా ఒక చిట్కా చెప్పిపోయేది. ఒకరు నిమ్మరసం అంటే ఒకరు వెల్లుల్లి అన్నారు. అవన్నీ పూసి చర్మం మండి, పిన్ని విసిగిపోయింది. సీమంతంలో నలుగురి ముందూ ఈ ముఖంతో ఎలా కూర్చోవాలని ఏడ్చేది. అప్పుడే పక్కింటి అక్క తాను వాడిన మొటిమల మందు ట్యూబు తెచ్చిచ్చింది.

పిన్ని దాని పెట్టెలోని ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చి, "ఏం రాసుండాదో చూడు పాపా. కడుపుతో ఉండేవాళ్ళు పూసుకోవచ్చునా?" అనడిగింది. నేను పెద్ద అక్షరాలు గడగడా చదివేసి, నోరు తిరగని మాటలన్నీ దాటేసి, పూసుకోవచ్చని చెప్పేశాను.

నాలుగు రోజులకు ఆసుపత్రి నర్సమ్మ పిన్నిని చూడడానికి వచ్చింది. పొట్టు లేచిన చెంపలు చూసి ట్యూబు అడిగింది. ఎవరు పూసుకోమన్నారంటే అందరూ నావైపు చూశారు. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చదవమంది. నేను దాటిన ప్రతిచోటా వేలు పెట్టి వెనక్కి తెచ్చింది. ఒక మాట దగ్గర ఇక రాదని ఏడ్చేశాను. అది ఆవిడే చదివింది. గర్భిణులు వాడకూడదని ఉంది. పిన్ని రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుంది.

వెంటనే పిన్నీ నర్సమ్మా కె.ఆర్.పురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. వాళ్ళొచ్చేదాకా నేను గుమ్మంలోనే కూర్చున్నాను. చర్మానికి నాలుగు రోజులే పూసింది గనుక భయపడాల్సింది లేదని, వెంటనే మానేయమని డాక్టరమ్మ చెప్పిందట. మెత్తని సబ్బుతో రెండుపూటలా కడుక్కోవాలి, గిల్లకూడదు, ఇంకేది పూసుకోవాలన్నా ముందు తననడగాలి.

నర్సమ్మ నన్ను తిట్టలేదు. "తెలీకుంటే తెలీదని చెప్పు మా" అంది, అంతే. పాప ఆరోగ్యంగా పుట్టింది. సీమంతం ఫొటోల్లో మాత్రం పిన్ని మొటిమలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో మా కోడలికి ఆరో నెల, అవే మొటిమలు. వాట్సాప్‌లో చుట్టాలందరూ వైద్యులే. రోజుకో క్రీము ఫొటో పంపిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నన్నడిగితే తెలీదమ్మా, మీ డాక్టరునడుగు అంటాను. ఇంత వయసొచ్చి ఇదీ తెలీదా అని నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ రోజు మందు తెచ్చింది పక్కింటి అక్కే అయినా, పూసుకోమన్నది మాత్రం నేను.