ఇంటికి మెట్లెన్ని?

ఖ్వాంగ్ షూచిన్ ఎవరెదురుపడినా "బాగున్నారా" అనదు. "మీ ఇంటికి మెట్లెన్ని?" అంటుంది.

దక్షిణ చైనాలోని తైషాన్ పాతబజారులో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. నూరేళ్ళ కిందట ఈ ఊరివాళ్ళు ఓడలెక్కి అమెరికా వెళితే, చెప్పుకున్న ఇంటివాళ్ళో కాదో తేల్చడానికి అక్కడి రేవులో అధికారులు ఇలాంటి ప్రశ్నలే వేసేవారు. బావి ఏ వైపు, బియ్యం కుండ ఎక్కడ అని. తడబడితే వెనక్కి పంపేసేవారు. మూతబడిన బట్టల కొట్టులో షూచిన్ ఆ విచారణ గదిని మళ్ళీ కట్టింది. అదే ఆమె కళాప్రదర్శన. ఊరికే చూసి పోతామంటే కుదరదు. ఒకరు అధికారిగా, ఒకరు ప్రయాణికుడిగా కూర్చోవాల్సిందే. తప్పు చెబితే అరచేతిమీద "తిప్పి పంపాలి" అని ఎర్రముద్ర.

బస్సు డ్రైవరు లెయ్ పింగ్‌కి మూడుసార్లు ముద్ర పడింది. మూడోసారి అధికారి కుర్చీలో ఉన్నది వాళ్ళావిడే.

"ఇంట్లో కిటికీలెన్ని?"

"నాలుగు."

"ఆరు. ఇంట్లో ఉంటే కదా తెలిసేది."

మలుగుచేప అన్నం అమ్మే యూ మేఫెంగ్‌కి మాత్రం నవ్వొచ్చేది కాదు. షూచిన్ రోజూ కొట్టుకి వచ్చి, మట్టిమూకుడు ముందు పెట్టినా ముట్టకుండా, ఆమె భర్త జెన్ క్వోదోంగ్‌ని పట్టుకునేది.

"బాబాయ్, మెట్లెన్ని?"

"ఐదు."

"గుమ్మం పక్కన?"

"లిచీ చెట్టు."

"కింద?"

"మా ఆవిడ కొట్టు."

"డెబ్బై ఎనిమిదేళ్ళవాణ్ణి ఏ దేశం పంపుతావే తల్లీ? అన్నం చల్లారుతోంది, తిను" అని మేఫెంగ్ విసుక్కునేది.

ఒక వానపొద్దున ఆమె చేపలు కడుగుతుండగా క్వోదోంగ్ కనిపించకుండా పోయాడు. చెప్పు తెగినా చూసుకోకుండా మేఫెంగ్ బజారంతా గాలించింది. మధ్యాహ్నం లెయ్ పింగ్ బస్సు, ఎన్నడూ రాని సందులోకి వచ్చి, కొట్టు ముందు ఆగింది. క్వోదోంగ్ దిగాడు.

"పొరుగూరి బస్టాండులో కూర్చున్నారు పిన్నీ. అక్కడివాళ్ళు పేరడిగితే తెల్లమొహం వేశారు. ఇల్లెక్కడంటే మాత్రం ఐదు మెట్లు, లిచీ చెట్టు, మా ఆవిడ కొట్టు అని గడగడా అప్పజెప్పారు."

మేఫెంగ్ బల్లమీద కూలబడింది. అప్పుడే షూచిన్ తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చింది.

"నీకు ముందే తెలుసా?" అని మేఫెంగ్ ఆమెను నిలదీసింది.

"రెండు నెలల కిందట ఎటు పోవాలో తెలియక సందు మలుపులో నిలబడిపోయారు పిన్నీ. 'మా ఆవిడకి చెప్పకు' అన్నారు. మాటిచ్చేశాను. ఇక నాకు చేతనైంది ఇదొక్కటే."

మేఫెంగ్ లేచింది. మూకుడు అడుగున కరకరలాడే మాడుపెచ్చును, ఎవరికీ పెట్టకుండా తనకోసం దాచుకునేదాన్ని, గీకి షూచిన్ గిన్నెలో వేసింది.

"తిను. ఇవాళ నిన్ను తినకుండా ఎవరు ఆపుతారో చూస్తాను."

షూచిన్ బుద్ధిగా తినసాగింది. పక్కబల్ల దగ్గర క్వోదోంగ్ లెయ్ పింగ్ వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"పాపం, ఆ అమ్మాయికి మతిమరుపు. నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. నేను కాబట్టి ఓపిగ్గా చెబుతున్నాను."