ఏడవకూడని దాది

పెరీన్ ముసలమ్మకి శుభవార్త చెబితే కోపం వస్తుంది. వెర్సాయ్‌లో మా వీధి వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరైనా నవ్వు మొహంతో గుమ్మంలోకి వచ్చి "ఇంట్లో అందరూ బాగున్నారమ్మా" అన్నారంటే, చేతిలో పని ఆపి వాళ్ళ మొహంలోకి గుచ్చి చూస్తుంది. "ముందా నవ్వు తీసేసి చెప్పు" అంటుంది. రొట్టెల కొట్టువాడి భార్య మనవడు పుట్టాడని చెప్పడానికి వెళ్ళి, ఆ చూపుకి నోరు తడబడి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. కోటలో రాజుగారి మనవడికి పాలిచ్చిన మనిషి కదా, ఆ మాత్రం పొగరుంటుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పొగరున్న రోజులు నిజంగానే ఉండేవి. అవి ఎప్పుడో పోయాయి.

అప్పట్లో ఆమె షెవ్రూజ్ లోయలో, ద్రాక్షతోటల్లో కూలికి పోయే మతురేన్ భార్య. మొదటి కాన్పు, మగపిల్లాడు, పేరు రెమీ. వాడికి పాలు తాగేటప్పుడు తల్లి చెవితమ్మె పట్టుకునే అలవాటు. పట్టుకుంటే నిద్రపోయినా వదిలేవాడు కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, కోటలో పుట్టబోయే బిడ్డకి దాది కావాలంటూ రాజవైద్యులు పల్లెల మీద పడ్డారు. పెరీన్ పళ్ళు చూశారు, జుట్టు చూశారు, ఊపిరి వాసన చూశారు. గుర్రాన్ని కొనేవాడు కూడా అన్ని చూడడు. చివరికి ఒక పాలచుక్క బొటనవేలి గోటి మీద వేసి, వేలు వంచి, అది జారే తీరు చూశారు. చుక్క జారీ జారనట్టు నిలబడింది. మతురేన్ ఆ చుక్కని తనే తయారుచేసినట్టు పొంగిపోయాడు.

"దాది మొగుడికి కోటలో కొలువిస్తారంటే! నీకు బతికినంతకాలం పింఛనంట!"

"మరి పిల్లాడో?"

"మా అక్క లేదూ? దానికీ చంటిది ఉందిగా. రెండు రొమ్ములున్నాయి, ఇద్దరు పిల్లలు. దేవుడే లెక్క సరిచేసి పెట్టాడు."

"నీ మొహంలా ఉంది లెక్క" అంది పెరీన్. అంటూనే మూట కట్టుకుంది. నిద్రపోతున్న రెమీ వేళ్ళని చెవి నుంచి ఒక్కొక్కటే విడదీసి ఆడపడుచు ఒళ్ళో పెట్టింది. వాడు లేవలేదు. లేచి ఏడ్చి ఉంటే కాళ్ళు కదిలేవి కావని ఇప్పటికీ అంటుంది.

కోటకి వెళ్ళాక తెలిసింది, తను అసలు దాది కాదని. రాజుగారి మనవడికి పాలిచ్చే స్థానం ఉర్సూల్ అనే ఆవిడది. ఆమెదీ ఆ లోయే, పక్క ఊరు. ఉర్సూల్‌కి ఒంట్లో బాగోకపోతే అక్కరకు వస్తారని ఇంకొందరిని వెనక వరసలో ఉంచారు. వాళ్ళలో పెరీన్ మొదటిది. పాలు ఇంకిపోకుండా ఊళ్ళోని చెప్పులు కుట్టేవాడి కూతురిని తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టేవారు. తన కొడుకు ఎవరి పాలో తాగుతుంటే, తన పాలు ఎవరి బిడ్డో తాగుతోంది. ఇదేం న్యాయమని అడగడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు.

దాదికి ఉల్లిపాయ పెట్టరు, క్యాబేజీ పెట్టరు, పుల్లటి వైను దగ్గరికి రానివ్వరు. వీటన్నిటికన్నా గట్టి నిషేధం దుఃఖం. ఏడ్చినదాని పాలు విషమవుతాయని వైద్యుల మాట. అందుకని దాది చెవిన చెడ్డ కబురు పడకూడదు. ఇంటి నుంచి ఎవరొచ్చినా పక్కన కాపలా ఆవిడ కూర్చుని వింటుంది. ఊళ్ళో జబ్బులూ చావులూ గుమ్మం బయటే ఆగిపోవాలి. ఎంత పెద్ద దొరలైనా దాది ఎదురుపడితే నవ్వు మొహం పెట్టాలి. వెనక వరస దాదులకి ఇంత కట్టడి లేదు. వాళ్ళు ఏడ్చినా, మొత్తుకున్నా ఎవరికీ నష్టం లేదు మరి.

ఉయ్యాల గదిలో పెత్తనం ఇద్దరిది. ఉర్సూల్‌ని ఎంచింది పెద్ద దొరసాని. ఆమె కింద చేసే మదాం సోర్విల్‌కి అది కంట్లో నలుసు. ఉయ్యాల పక్కన దొరలు మాట్లాడుకునేవన్నీ దాది చెవిన పడతాయి. రేపు బిడ్డ పెద్దవాడై రాజ్యమేలితే దాది మాట కాదనలేడు. అలాంటి మనిషి తన మనిషి కావాలని సోర్విల్ ఆశ. మతురేన్ పెళ్ళాన్ని చూడటానికి వచ్చినప్పుడల్లా ఆమె ఏదో వంకతో అటు వచ్చి లోయ కబుర్లు అడిగేది. ఒకసారి మతురేన్ మాటల్లో మాటగా, ఉర్సూల్ కూతురు మనెత్‌కి జ్వరమనీ, దక్కేలా లేదంటున్నారనీ చెప్పాడు.

అతను వెళ్ళాక సోర్విల్ పెరీన్ భుజం మీద చెయ్యి వేసింది. దొరసాని చెయ్యి తన ఒంటి మీద పడటం పెరీన్‌కి అదే మొదలు.

"పాపం, ఉర్సూల్‌కి ఈ సంగతి చెప్పే దిక్కే లేదు పెరీన్. మా అందరి చేతా బైబిలు మీద ప్రమాణం చేయించారు. నీ చేత చేయించలేదుగా?"

"లేదమ్మగారూ."

"అదే అంటున్నాను. నేనేం చెప్పలేదు సుమా."

ఇంతకన్నా విడమర్చి చెప్పాల్సిన అవసరం పెరీన్‌కి లేకపోయింది. తల్లికి తెలియాల్సిన మాటే కదా, అబద్ధం కాదు కదా అని తనకి తనే నచ్చచెప్పుకుంది. తల్లి మీద జాలితో మాత్రం కాదు, ఆ సంగతి అప్పుడూ తెలుసు. పొద్దున ఉర్సూల్ తోటలో, తొట్లలో పెంచిన నారింజ చెట్ల మధ్య ఎండకి నడుస్తుంటే ఎదురెళ్ళింది.

"అక్కా, మీ మనెత్‌కి ఒళ్ళు కాలిపోతోందంట గదా. కళ్ళు తెరవట్లేదంట. నీకెవరూ చెప్పలేదా?"

ఉర్సూల్ వెంటనే ఏడవలేదు. పక్కనున్న కాపలా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ అలవాటు కొద్దీ నవ్వింది. ఆ నవ్వుతో ఉర్సూల్‌కి అంతా అర్థమైపోయింది. నడుముకి కట్టిన జరీ అంచు గుడ్డ చింపి పారేసి, ఆ తోట దద్దరిల్లేలా అరిచింది. వైద్యులు పరిగెత్తుకొచ్చి గోటి మీద చుక్క వేశారు, అది నీళ్ళలా జారిపోయిందన్నారు. మధ్యాహ్నానికల్లా ఆమెని బండి ఎక్కించారు. బండి కదులుతుండగా ఉర్సూల్ పెరీన్‌ని చూసింది.

"నీకూ ఇలాంటి రోజొకటి వస్తుందే! నీకూ ఎవరో ఒకరు చెబుతారే!"

ఆ శాపం పెరీన్ ఒంటికి జిగురులా అంటుకుంది. మర్నాటి నుంచి ఆమే అసలు దాది. మతురేన్‌కి రాజుగారి వేటకుక్కల దగ్గర కొలువు దొరికింది. పల్లెలో చెప్పుకోవడానికి అదేమీ చిన్నది కాదు. పెరీన్ మాత్రం మొదటి వారంలోనే సోర్విల్‌ని ఒక్క వరం కోరింది.

"అమ్మగారూ, వెనక వరస దాదుల్ని నా ఛాయలకి రానివ్వకండి. ఏదో ఒక మాట అంటారు."

సోర్విల్ ముసిముసిగా నవ్వింది. "నేర్చుకున్నావే" అంది.

కోట బిడ్డని ఎత్తుకునే ఆవిడ వేరు, ఊపే ఆవిడ వేరు, గుడ్డలు మార్చే ఆవిడ వేరు. పెరీన్‌వి పాలు మాత్రమే. బిడ్డ చేతులు కూడా కలిపి ఒళ్ళంతా గుడ్డ చుట్టేవారు. ఆ మూట ఆమె రొమ్ము తాగేది, చెవి పట్టుకునేది కాదు. చేతులు వదిలేసే వయసు వచ్చాక కూడా పట్టుకోలేదు. ఒకటి రెండుసార్లు ఎవరూ చూడకుండా ఆమే ఆ చేతిని చెవి దాకా తెచ్చుకుంది. వాడు చెయ్యి లాక్కున్నాడు.

ద్రాక్షకోతల వేళ, ఆమె తోటలో నడుస్తుండగా క్లోదీన్ అనే పడుచుపిల్ల కంచె దాటి పరిగెత్తుకొచ్చింది. వెనక వరసలో కొత్తగా చేరిన దాది, ఆ లోయదే.

"పెరీన్ అక్కా! అక్కా, ఒక్క మాట! మీ రెమీకి..."

పెరీన్ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఎవర్రా అక్కడ! దీన్ని తీసుకుపోండి! నా పాలు విరగ్గొట్టడానికి వచ్చింది ముండ!"

కాపలావాళ్ళు క్లోదీన్‌ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి ఏదో అరుస్తూనే ఉంది. చెవులు మూసుకున్న పెరీన్‌కి పెదాలు కదలడం కనిపించింది గాని మాట వినపడలేదు. ఆ పూటే క్లోదీన్‌ని ఇంటికి పంపేశారు. నా ఎత్తు నా మీదే వేయబోయింది, నేనేమన్నా ఉర్సూల్‌ననుకుందా అని పెరీన్ మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుని ఇప్పుడు తల గోడకేసి కొట్టుకుంటుంది.

ఆ వారం మతురేన్ వచ్చాడు. కాపలా ఆవిడ ఎప్పటిలా మధ్యలో కూర్చుంది.

"రెమీ ఎలా ఉన్నాడయ్యా?"

"వాడికేం! గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాడు మతురేన్. గది అదిరేలా నవ్వాడు.

అంత గట్టిగా ఎందుకు నవ్వుతున్నాడని ఒక్క క్షణం అనిపించింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో, విని ఏడిస్తే ఏం పోతుందో కూడా ఆ క్షణంలోనే అనిపించింది. అడగలేదు. అప్పటి నుంచి మతురేన్ వచ్చినప్పుడల్లా కబుర్లు మోసుకొచ్చేవాడు. పళ్ళొచ్చాయన్నాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడన్నాడు. కోడిపుంజు వెంటపడి బురదలో బోర్లా పడ్డాడనీ, లేచి పుంజునే తిట్టాడనీ అన్నాడు. ఏమని తిట్టాడని అడిగితే "బూ" అన్నాడని చెప్పాడు. పెరీన్ పగలబడి నవ్వింది. కాపలా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కోట బిడ్డకి పాలు మాన్పించారు. చెంచాతో తినడం మొదలెట్టిన కొద్ది రోజులకే ఆమె గుమ్మంలో కనిపించినా ఏడవడం మానేశాడు. పింఛను ఖాయం చేసి, పట్టుగౌను ఇచ్చి, ఇంటికి పొమ్మన్నారు. బిడ్డ ఆడి పారేసిన చెక్కగుర్రాన్ని రెమీ కోసం అడిగి తీసుకుంది. దానికి తోక ఊడింది గాని చక్రాలు తిరుగుతున్నాయి.

మతురేన్ బండి తెచ్చాడు. లోయ కనిపించే మలుపు దగ్గర బండి ఆపి దిగాడు.

"ఇక్కడెందుకు ఆపావు?"

అతను గుర్రం పక్కనే నిలబడి దాని జూలు సవరిస్తూ ఉండిపోయాడు.

"వాడు లేడే పెరీన్."

"లేకపోవడమేంటి? పుంజు వెంట..."

"పుంజూ లేదు, ఏమీ లేదు. ద్రాక్షకోతలప్పుడే జ్వరం తగిలింది. వారం పైనే కొట్టుకున్నాడు. అక్క రొమ్ము పట్టలేదు. వాడింకా ఉండగానే నీకు చెబుదామని వచ్చాను. గుమ్మంలోనే ఆ సోర్విల్ దొరసాని ఆపేసింది. చెప్పావా, ఇద్దరూ ఈ పూటే బయటికి అంది. నవ్వి లోపలికెళ్ళమంది."

"ఆ పళ్ళో? ఆ నడకో? అవన్నీ ఏంటయ్యా?"

"ఒకసారి చెప్పాక మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది" అన్నాడు మతురేన్. "దారిలో ఆలోచించుకుంటూ వచ్చేవాణ్ణి, ఈసారి వాడేం చేస్తాడా అని. నువ్వు నవ్వేదానివి. నాకూ వాడు పెరుగుతున్నట్టే ఉండేది."

కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చేతిలో చెక్కగుర్రం ఉంది. చెయ్యి దించేసి బండిలో కూలబడింది. ఏడవకుండా ఉండడం అంతగా అలవాటైపోయి, ఆ రోజు ఏడుపు కూడా రాలేదు.

ఆ పల్లెలో ఉండలేక తిరిగి మా వెర్సాయ్ చేరేలోపు, షెవ్రూజ్ చర్చి గుమ్మంలో ఉర్సూల్ ఎదురైంది. పావడా పట్టుకుని ఒక ఆడపిల్ల వేలాడుతోంది. బుగ్గలు ఎర్రగా, ముక్కు కారుతూ, నిక్షేపంలా ఉంది. పెరీన్ పట్టుగౌనుతోనే రాళ్ళ మీద మోకరిల్లింది.

"అక్కా, నీ నోటి దగ్గర కూడు తీశాను. నన్ను క్షమించు."

"లే ముందు, జనం చూస్తున్నారు" అంది ఉర్సూల్. ఆమె గొంతులో మెత్తదనమేమీ లేదు. "నిన్ను తిట్టని పూట లేదే. ఇదిగో, దీన్ని ఒళ్ళో వేసుకుని, పాలు పిండి చెంచాతో గొంతులో పోస్తూ కూడా నిన్నే తిట్టాను. మూడో నాటికి కళ్ళు తెరిచింది. నువ్వు చెప్పకపోతే నేను వచ్చేదాన్నీ కాదు, ఇది ఉండేదీ కాదు. నిన్నేమనాలో నాకే తెలియట్లేదు."

మనెత్ పావడా వెనక నుంచి తొంగి చూసి, పెరీన్ గౌను మీది జరీని వేలితో గీకింది. ఉర్సూల్ కూతురి చేతిని జరీ మీంచి తీసింది. రెమీ సంగతి లోయంతా ఎరిగినదే.

"నీకెవరూ చెప్పలేదా పెరీన్?" అంది చివరికి, ఈసారి మెల్లగా. "అంత పెద్ద కోటలో ఒక్కరూ చెప్పలేదా?"

"చెప్పడానికి వచ్చిందక్కా ఒకతె" అంది పెరీన్. "నేనే చెవులు మూసుకుని గెంటించాను."